రెండో కూత

కబడ్డీ జట్టు ఓడిన మర్నాడు వినపడే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: మంచి రైడర్ లేడు, ఎవణ్ణైనా పట్టుకురావాలి. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో పోటీలైనా, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆటలైనా, ఉట్నూరు ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలల క్రీడోత్సవాలైనా చర్చ అక్కడికే చేరుతుంది. కోరిక తప్పేమీ కాదు. తిరకాసంతా ఆ కొత్తవాణ్ణి కొలిచే లెక్కలో ఉంది. ఎన్ని పాయింట్లు తెచ్చాడు అని మాత్రమే అడిగితే సగమే కొలిచినట్టు. అతను వచ్చాక పాత రైడర్‌కు ఏం ఒరిగింది అన్నది మిగతా సగం, నా దృష్టిలో పెద్ద సగం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి అందుకునే రిసీవర్ల గురించి కూడా ఇదే వాదన నడుస్తుంటుంది. కొత్త రిసీవర్‌ను ఇద్దరు కాపు కాయాల్సి వస్తే, అతను బంతి ముట్టకపోయినా పక్కవాడికి దారి దొరుకుతుంది. కబడ్డీలో ఈ సంగతి ఇంకా తేటగా కనపడుతుంది, ఎందుకంటే ఇక్కడ అది నిబంధనల్లోనే ఉంది.

ముందు ఆ నిబంధన చూద్దాం. రైడర్ పట్టుబడితే బయట కూర్చోవాలి. తన జట్టు ఎదుటివాళ్లలో ఒకణ్ణి అవుట్ చేస్తేనే తిరిగి లోపలికి వస్తాడు. ఎవరు ముందు బయటికి పోయారో వాళ్లే ముందు లేస్తారు. జట్టులో కూతకు పోయేవాడు నికరంగా ఒక్కడే అయితే, అతను పట్టుబడిన క్షణాన అతణ్ణి లేపేవాడెవడు? డిఫెన్స్ ఒక పట్టు పట్టేదాకా అతను గీత బయట కూర్చుని చూడాల్సిందే. ఈలోపు కూతకు పోయిన కుర్రాడు భయంభయంగా నడి గీత చుట్టూ తిరిగి వస్తాడు. అలా రెండు కూతలు ఉత్తగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వాడూ అవుట్. అలా ఒక్కొక్కరే పలచబడి, చివరకు ఆలౌట్, ఎదుటి జట్టుకు అదనంగా రెండు పాయింట్లు. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతొకటి ఉంది. బోనస్ పాయింటుతో ఎవరూ లేవరు. స్కోరు పెరుగుతుంది గానీ కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. అందుకే రెండో రైడర్‌గా వచ్చేవాడికి బోనస్ నేర్పు ఒక్కటే ఉంటే చాలదు, మనిషిని తాకి రాగల ధైర్యం ఉండాలి. అలాంటివాడు ఒక్క పాయింటు తెచ్చినా దాని వెనక అసలు రైడర్ తిరిగి లేస్తాడు. ఆ తర్వాత అతను తెచ్చే పాయింట్లలో ఈ కుర్రాడి వాటా ఎంతో ఎవరూ లెక్కరాయరు.

ఇక కోర్టు లోపల జరిగేది. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఒక్కో జట్టుకు ఆరున్నర మీటర్ల లోతు. నడి గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైను, దానికి మీటరు అవతల బోనస్ గీత. ఆ గీతకు, చివరి గీతకు మధ్య మిగిలేది 1.75 మీటర్లే. ఎదురుగా ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడే బోనస్ దొరుకుతుంది. ఒక కాలు గీత దాటి నేలను తాకాలి, అదే క్షణంలో రెండో కాలు గాల్లో ఉండాలి. కార్నర్‌లో నిలబడ్డవాడి కష్టమంతా ఇక్కడే. బోనస్ ఆపాలని ముందుకొస్తే, పరుగున వచ్చి చేత్తో తాకిపోయే రైడర్‌కు దొరికిపోతాడు. వెనక్కి తగ్గితే బోనస్ చేతులారా ఇచ్చినట్టే. ఎదురుగా వచ్చేవాడు ఒక్కడే అయితే పది నిమిషాల్లో వాడి ఇష్టాయిష్టాలు తెలిసిపోతాయి. ఏ కాలు ముందు వేస్తాడు, ఏ పక్కకు వంగుతాడు, ఎప్పుడు వెనక్కి తిరుగుతాడు, అన్నీ. కార్నర్ తన అడుగు అక్కడే పాతుకుంటాడు. రైడర్ కాలు లోతుకు రాగానే మడమ అందుకుంటాడు, ఆ వెంటనే కవర్‌లో ఉన్నవాడు డ్యాష్ కొట్టి కోర్టు బయటికి తోసేస్తాడు. అదే ఒక కూతకు బోనస్ గీత మీద ఆడేవాడు, తర్వాతి కూతకు చేతి వేగం ఉన్నవాడు, ఆపై గొలుసు కిందనుంచి డుబ్కీ వేసి పోయేవాడు వస్తే కార్నర్ ప్రతిసారీ లోతు మార్చుకోవాలి. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడ్డ గొలుసులో ఒకడు అరడుగు కదిలితే పక్కవాడూ కదలాలి. పాత రైడర్‌కు దొరికే సందు ఆ అరడుగే. ఇద్దరి వైపులూ వేరైతే మరీ మంచిది. తన ఎడమ నుంచి పోయేవాడు ఎదుటి రైట్ కార్నర్‌ను ఎదుర్కొంటాడు, కుడి నుంచి పోయేవాడు లెఫ్ట్ కార్నర్‌ను. అందరూ ఒకే వైపు నుంచి పోతే ఎదుటివాళ్లు తమ మేటి కార్నర్‌ను అటే నిలబెట్టుకుని నిశ్చింతగా ఉంటారు.

కాళ్ల లెక్క కూడా చెప్పుకోవాలి. పురుషుల మ్యాచ్ 40 నిమిషాలు. కూతకు 30 సెకన్లు. ప్రతి కూతా నిండా సమయం తీసుకున్నా మొత్తం 80, అంటే జట్టుకు 40. అందులో పాతిక ఒక్కడే పోతే చివరి పది నిమిషాల్లో అతని కాళ్లు మొదటి పది నిమిషాల కాళ్లు కావు. ఆఖర్లో పాయింట్లు చేజారే మ్యాచ్‌లలో వ్యూహం కన్నా అలసటే ఎక్కువ కనిపిస్తుంది.

దీనికి నిదర్శనం మన కళ్ల ముందే ఉంది. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పటి నుంచీ తెలుగు టైటాన్స్ కథ దాదాపు ఈ పాఠమే. రాహుల్ చౌదరికి తోడుగా దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే ఉన్న 2015లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2019లో 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. అతను పాయింట్లు కుప్పగా తెచ్చాడు, జట్టు మాత్రం 12లో 11వ స్థానంలో ఆగింది. తర్వాతి సీజన్‌లో అతను ఆరంభంలోనే గాయపడ్డాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. 2022లో టైటాన్స్‌కు రెండే గెలుపులు. సరే, సిద్ధార్థ్ గాయం దురదృష్టం అనుకుందాం. మరుసటి సీజన్‌లో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తీసుకున్నారు, అతను ఆడాడు, బాగా ఆడాడు కూడా. అయినా మళ్లీ రెండే గెలుపులు, మళ్లీ అట్టడుగే. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. 2024లో పవన్‌తో పాటు విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ కూతకు పోవడం మొదలుపెట్టాక గెలుపులు 12కు చేరాయి. 2025లో పవన్ లేనే లేడు. విజయ్, కొత్తగా వచ్చిన భరత్ హుడా భారం పంచుకున్నారు, జట్టు క్వాలిఫయర్-2 దాకా పోయింది. పట్నా పైరేట్స్ 2017లో మూడోసారి వరసగా కప్పు కొట్టినప్పుడు అందరికీ గుర్తున్నది పర్దీప్ నర్వాల్ తెచ్చిన 369 రైడ్ పాయింట్లు. ఆ ఏడాదే జట్టులోకి వచ్చి రెండో వైపు నిలిచిన మోనూ గోయత్ ఎంతమందికి గుర్తున్నాడు?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అదీ బలమైనదే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టులో అజయ్ ఠాకూర్, పర్దీప్, రాహుల్, మోనూ గోయత్, రిశాంక్ దేవాడిగ, ఇలా రైడర్లకు కొదవ లేదు. అయినా సెమీఫైనల్లో ఇరాన్ 27-18 తేడాతో ఓడించింది. 1990లో బీజింగ్‌లో కబడ్డీ ఆసియా క్రీడల్లో చేరాక భారత పురుషుల జట్టుకు బంగారం దక్కకపోవడం అదే మొదటిసారి. కాబట్టి గెలిపించేది డిఫెన్సే, కొత్త రైడర్ల వేట దండగ అంటారు కొందరు. టైటాన్స్ విషయంలోనూ 2024 నాటికి కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు, డిఫెన్స్ మారింది, ఆ ఘనతంతా రైడర్లకు కట్టబెట్టకూడదు అనొచ్చు. ఒప్పుకుంటాను. డిఫెన్స్ లేని జట్టును ఏ రైడరూ గట్టెక్కించలేడు. కాని జకార్తా ఓటమి నుంచి నాకు తోచేది వేరు. పేరున్న రైడర్లను కుప్పపోసినంత మాత్రాన ఒకరికొకరు దారి చేసుకునే రైడర్లు తయారుకారు. ఎవరు ముందు పోవాలి, ఎవరు పట్టుబడితే ఎవరు లేపాలి అన్న వరస లేకపోతే ఐదుగురు మేటివాళ్లూ ఒంటరి రైడర్లే. పైగా డిఫెన్స్‌ను రైడింగ్ నుంచి విడదీసి చూడటమే పొరపాటు. కోర్టులో ఏడుగురున్నప్పుడు పట్టే పట్టుకు, నలుగురున్నప్పుడు పట్టే పట్టుకు పోలికే లేదు. ఆ ఏడుగుర్ని లోపల నిలిపి ఉంచేది రెండో రైడర్ తాకి తెచ్చే పాయింటే.

మన దగ్గర ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. ఊరి టోర్నమెంట్లలో బయటి ఊరివాళ్లను దింపి గెలవడం అలవాటైంది, కొత్త రైడర్ అంటే అదేగా అని. ఆ అలవాటు నాకూ నచ్చదు. అద్దెకు వచ్చినవాడు పండగ మూడు రోజులు ఆడి పోతాడు, అతని పక్కన ఎదగాల్సిన కుర్రాడు బెంచీ మీదే మిగిలిపోతాడు. కొత్తవాణ్ణి వెతకాల్సింది ఆ బెంచీ మీదే, లేదా పక్క ఆటలో. ఈ జిల్లాల ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఖోఖో బాగా ఆడతారు. స్తంభాల మధ్య వంకర్లు తిరుగుతూ తప్పించుకునే పిల్లకు ఒంటి మలుపు, అడుగు మార్పు ముందే వచ్చి ఉంటాయి. గొలుసు మధ్యకు పోయి తాకి రావడం నేర్పితే చాలు. కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో ఇలా ఒక ఆట పిల్లల్ని మరో ఆటలో పరీక్షించి చూడటం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. మట్టి మీద పెరిగినవాళ్లు మ్యాట్ మీద మొదట తడబడతారన్నది నిజం. మట్టిలో కాలు కొంచెం జారనిచ్చి ఆగాలి, మ్యాట్ మీద బూటు పట్టేసి మోకాలి మీద భారం పడుతుంది. అందుకే కొత్త రైడర్‌ను పోటీ ముందు వారంలో కాక వేసవి శిబిరంలోనే మ్యాట్ ఎక్కించాలి.

పీఈటీలు చేయదగిన చిన్న పని ఒకటుంది. కుర్రాడు ఎన్ని పాయింట్లు తెచ్చాడన్నది చాలామంది రాసుకుంటారు. దాని పక్కనే ఇంకో గడి గీసి, అతని పాయింటుతో ఎవరు లేచారు, లేచినవాడు బయటికి పోయేలోపు ఎన్ని తెచ్చాడు అన్నది కూడా రాయాలి. నాలుగు మ్యాచ్‌లు అలా రాసి చూస్తే, మూడు నాలుగు పాయింట్లకు మించి తేని కుర్రాడు ఒకడు జట్టు లెక్కను ఎంతగా మోస్తున్నాడో కనిపిస్తుంది. జిల్లా ఎంపికల రోజు సెలక్టర్ల ముందు పెట్టాల్సిన కాగితం అది.