యంత్రబుద్ధియు ఐరోపా ఒడంబడికయు

రాజ్యములు తమలో తాము చేసికొను ఒడంబడికలను సాహిత్యవిమర్శకులు సాధారణముగ ముట్టరు. అవి న్యాయవాదుల సొత్తనియు, రాయబారుల వ్యవహారమనియు విడిచిపెట్టుదురు. కాని ఒడంబడికయు ఒక గద్యగ్రంథమే. దానికిని పీఠిక గలదు, ప్రకరణములు గలవు. పీఠికయందు చేసిన ప్రతిజ్ఞ ప్రకరణములయందు నిలిచినదా లేదా యని ఇతర గ్రంథములను పరీక్షించునట్లే దీనిని గూడ పరీక్షింపవచ్చును. కావ్యము చెడినచో పాఠకుని ప్రొద్దు వ్యర్థమగును, అంతే. ఒడంబడిక చెడినచో ఎందఱో గృహస్థుల బ్రదుకు చెడును. కావున దీనిని పరీక్షించుట మఱింత యవసరము.

ఇప్పుడు మన యెదుట నున్నది ఐరోపా మండలివారి కృత్రిమమేధా ఒడంబడిక. మానవహక్కులు, ప్రజాస్వామ్యము, న్యాయపాలన అను మూడు గొప్ప మాటలు దాని పేరులోనే చేరియున్నవి. 8 ప్రకరణములు, 36 అధికరణములు గల చిన్న గ్రంథ మిది. 2024 మే 17న స్ట్రాస్‌బర్గు నగరమున ఆమోదము పొందినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 5న లిథువేనియా రాజధానియగు విల్నియస్ నగరమున సంతకములకై తెఱవబడినది. కృత్రిమమేధ విషయమున రాజ్యములను చట్టబద్ధముగ కట్టుటకు పుట్టిన మొదటి అంతర్జాతీయ ఒడంబడిక ఇదియే.

ఐరోపా మండలి వేఱు, ఐరోపా సమాఖ్య వేఱు. సమాఖ్య 27 రాజ్యముల కూటమి; తన సభ్యులపై నేరుగ చెల్లు చట్టములు చేయగలదు. మండలి 1949లో 10 రాజ్యములతో ఆరంభమై నేడు 46 రాజ్యములు గలది. అది ఒడంబడికలను వ్రాయును, సమ్మతించిన రాజ్యములే వానికి లోబడును. 1950లో రోము నగరమున సంతకములైన మానవహక్కుల ఒడంబడిక ఈ మండలి బిడ్డయే. ప్రస్తుతపు ఒడంబడికను వ్రాయునప్పుడు సభ్యరాజ్యములు 46తోపాటు సమాఖ్యయు, అమెరికా, కెనడా, జపాను, ఆస్ట్రేలియా మొదలగు 11 బయటి రాజ్యములును కూర్చుండినవి. ఆ సభలో భారతదేశము లేదు.

ఈ గ్రంథము ఏ బాధను తీర్చుటకు పుట్టినదో తెలియనిదే దాని గుణదోషములు తెలియవు. అందులకు నెదర్లాండ్సు దేశమున జరిగిన యొక సంగతిని చెప్పవలసియున్నది. ఆ దేశమున తల్లిదండ్రులు పనికి పోవునప్పుడు పిల్లలను శిశుసంరక్షణశాలలో ఉంచుదురు; ఆ వ్యయములో కొంత ప్రభుత్వము భరించును. ఈ భృతి నిచ్చునది అక్కడి పన్నుల శాఖ. మోసము చేయువారిని పట్టుకొనవలెనను పట్టుదలతో ఆ శాఖవారు ఏ దరఖాస్తు అనుమానాస్పదమో ముందుగ ఎంచిచెప్పు యంత్రపద్ధతి నొకదానిని 2013 మొదలుకొని వాడిరి. దరఖాస్తుదారుడు డచ్చి పౌరుడా కాదా యనునది ఆ పద్ధతిలో అనుమానమునకు ఒక గుర్తయ్యెను. యంత్రము వేలుచూపిన దరఖాస్తు అధికారి బల్లమీదికి వచ్చును. అచ్చట ఒక సంతకము లోపించినను, తాము చెల్లింపవలసిన చిన్న భాగమును చెల్లింపకున్నను, ఆ సంవత్సరపు భృతి యంతయు తిరిగి కట్టుమని ఉత్తరువు వచ్చును. కొన్ని సంసారములకు ఆ మొత్తము పదులవేల యూరోలు.

సర్వమును యంత్రమే చేసెననుట న్యాయము కాదు. చట్టము కఱకుది, దానిని నడపిన అధికారులు అంతకంటె కఱకువారు. అయినను యంత్రము చేసిన కీడు వేఱుగ నొకటి కలదు: ప్రశ్నకు సమాధానము లేకుండ చేసినది. తన్నేల అనుమానించిరని తల్లి అడిగిన యెడల, ఎదుట కూర్చున్న ఉద్యోగికి సైతము తెలియదు. తమ కాగితములను చూపుడని కోరిన కొందఱు తల్లిదండ్రులకు నల్లసిరాతో పంక్తులకు పంక్తులు కప్పివేసిన పుటలు చేతికి వచ్చినవి. 2020 డిసెంబరులో పార్లమెంటు విచారణసంఘము ఈ యన్యాయమును బయటపెట్టినది. 2021 జనవరి 15న మంత్రివర్గము రాజీనామా చేసినది. ఆ సంవత్సరము డిసెంబరులో సమాచారరక్షణాధికార సంస్థ పన్నుల శాఖకు 27 లక్షల 50 వేల యూరోల జుల్మానా విధించినది. ఈ జుల్మానా ప్రజల సొమ్ములోనుండి పోయి ప్రజల ఖజానాలోనికే చేరినదని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

అదే దేశమున మఱియొక సంగతియు జరిగినది. పలు శాఖల దగ్గఱనున్న సమాచారమును కలిపి, సహాయము పొందువారిలో మోసగాండ్రెవరో ఊహించుటకు ప్రభుత్వము సిరి అను పద్ధతి నొకదానిని నెలకొల్పినది. 2020 ఫిబ్రవరి 5న హేగు నగరపు న్యాయస్థానము దానిని చెల్లదని కొట్టివేసినది. ఆ తీర్పునకు ఆధారమేదనగా, పైని చెప్పిన 1950 నాటి మానవహక్కుల ఒడంబడికలోని ఎనిమిదవ అధికరణము. కంప్యూటరు ఇండ్లలోనికి రాకమునుపు రాజ్యములు కలిసి వ్రాసికొన్న వాక్యము డెబ్బది యేండ్లకు పిదప పేదపేటల ప్రజలను రక్షించినది. కాబట్టి రాజ్యముల సహకారము కేవలము విందులతోను ఉపన్యాసములతోను ముగియునదని ఎగతాళి చేయువారి మాట నే నంగీకరింపను. గట్టి వాక్యమును వ్రాసినచో అది ఎప్పటికైనను పనికివచ్చును. ఈ క్రొత్త గ్రంథములోని వాక్యములు అంత గట్టివా యనునదే ప్రశ్న.

మొదట గుణములను చెప్పుదును. పదునాలుగవ అధికరణము ఆ డచ్చి తల్లుల మొఱ విని వ్రాసినట్లున్నది. మనుష్యుని హక్కులకు పెద్దగ తగులు యంత్రపద్ధతులను గూర్చిన వివరములు వ్రాసియుంచవలెను. తీర్పును ఎదిరించుటకు చాలునంత సమాచారము బాధితునికి అందవలెను. ఫిర్యాదు చేయుటకు అధికారస్థానము ఉండవలెను. పదునైదవ అధికరణము, తాను మాటలాడుచున్నది మనుష్యునితో కాదు, యంత్రముతో అని ఎదుటివానికి తెలుపవలెనని చెప్పుచున్నది. పదునాఱవది, కీడు జరిగిన తరువాత ఏడ్చుట కాక, ముందుగనే ప్రమాదమును అంచనావేయుమని ఆజ్ఞాపించుచు, కొన్ని పనులలో యంత్రమును బొత్తిగ నిషేధింపవలెనా యని గూడ ఆలోచింపుమనుచున్నది. ప్రజలతో చర్చింపుమనియు, ప్రజలకు ఈ విద్య నేర్పుమనియు చెప్పు అధికరణములు కూడ కలవు. ఇవి యన్నియు శ్లాఘ్యములే.

ఇక దోషములు. మూడవ అధికరణమును చదివినంతనే పాఠకునికి నిరుత్సాహము కలుగును. ప్రభుత్వశాఖలును, వాని తరపున పనిచేయు వ్యాపారసంస్థలును ఈ నియమములకు నేరుగ లోబడవలెను. మఱి తమ సొంత లాభమునకై యంత్రమును నడుపు సంస్థల మాట యేమి? వానివలన కలుగు ప్రమాదములను ఒడంబడిక ఉద్దేశమున కనుగుణముగ రాజ్యము చూచుకొనవలెను. అది ఈ నియమములనే వానికి వర్తింపజేయుటో, వేఱు తగిన చర్యలు తీసికొనుటో, ఏదో యొకటి ఎన్నుకొని ప్రకటింపవచ్చును. అప్పు ఇయ్యవలెనా వద్దా యని నిర్ణయించు బ్యాంకు, ఉద్యోగమునకు ఎవరిని పిలువవలెనో ఎంచు సంస్థ, ఏ వార్త మన కంట పడవలెనో నిశ్చయించు సంస్థ – ఇవి యన్నియు ఈ రెండవ తలుపుగుండ పోవునవే. దేశభద్రతకు సంబంధించిన పనులకు నియమమును వర్తింపజేయ నక్కఱలేదు. దేశరక్షణ విషయము ఒడంబడిక పరిధిలోనే లేదు. ఇంటికి తలుపులు మూడుండగా ఒకదానికి మాత్రము గడియ వేసి, దొంగలభయము తీఱినదని చాటించినట్లున్నది.

వాక్యరచనలోను ఇదే బలహీనత కనబడుచున్నది. రాజ్యము చేయవలెనను క్రియాపదము వచ్చినచోటనెల్ల, సందర్భమునకు తగినట్లు, తగినచో, అవసరమును బట్టి అను పదములు దాని ప్రక్కనే వచ్చి కూర్చుండును. ఇట్టి పదమొకటి రెండుచోట్ల వివేకము. పుటపుటకును వచ్చినచో తప్పించుకొను మార్గము. ఏది తగినదో నిర్ణయించువాడు ఎవడు? ఎవనిని కట్టవలసియున్నదో వాడే గదా!

ఇట్లేల వ్రాసిరన్న ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. ఎక్కువ సంతకములు కావలెను. మొదటి దినముననే అమెరికా, బ్రిటను, ఇజ్రాయేలు, నార్వే, ఐస్‌లాండు మొదలగు రాజ్యములును ఐరోపా సమాఖ్యయు సంతకము చేసినవి. 2025 ఫిబ్రవరిలో కెనడా, జపాను చేసినవి. నియమము కఠినమైనచో ఇందఱు వచ్చియుండరనుట నిజమే కావచ్చును. కాని సంతకము నిశ్చితార్థము వంటిది. రాజ్యము తన దేశమున దానిని ధ్రువీకరించినగాని వివాహము కాదు. 5 రాజ్యములు ధ్రువీకరింపవలెను, అందు 3 మండలి సభ్యులు కావలెను, అటుపిమ్మటగాని ఒడంబడిక అమలునకు రాదను నియమమును ఆ గ్రంథమే పెట్టుకొన్నది. నిశ్చితార్థమునకు వచ్చినవారి లెక్కను చూచి మురియుట తొందరపాటు.

ఇచ్చట పెద్దలు కొందఱు ఒక సమాధానము చెప్పుదురు: ఒడంబడికలు బిడ్డలవంటివి, మెల్లగ పెరుగును, మొదటనే సర్వమును కోరరాదు, 1981 జనవరి 28న ఈ మండలియే తెఱచిన వ్యక్తిగత సమాచారరక్షణ ఒడంబడిక క్రమముగ వ్యాపించి ఐరోపాకు బయటనున్న ఉరుగ్వే వంటి దేశములను సైతము చేర్చుకొనలేదా, 2018లో సంస్కరింపబడలేదా, అని. ఉదాహరణము మంచిదే, కాని అది వారి వాదమునకే ఎదురు తిరుగుచున్నది. ఏలయన, 1981 నాటి ఆ గ్రంథము తన మూడవ అధికరణముననే ప్రభుత్వరంగమును, ప్రైవేటురంగమును రెంటిని సమానముగ పేర్కొన్నది. మినహాయింపులు కోరుకొనుటకు కొంత వీలిచ్చినను, మూలనియమము ఇరువురికి నొక్కటియే. అది పెరుగుటకు కారణము ఆ వెడల్పైన పునాదియే. కంప్యూటరు ఒక గదిని నింపు యంత్రముగ నున్న దినములలో మండలికి ఉన్న ధైర్యము, అది ప్రతి చేతిలోనికి వచ్చిన దినములలో లేకపోవుట విచారకరము.

వ్యాపారసంస్థలను కట్టుట అసాధ్యమనుట గూడ నిలువదు. ఐరోపా సమాఖ్యవారు 2024 ఆగస్టు 1న అమలునకు తెచ్చిన కృత్రిమమేధా చట్టము సంస్థలను నేరుగ పట్టుకొనుచున్నది. నిషేధించిన పనులు చేసిన సంస్థకు 3 కోట్ల 50 లక్షల యూరోలవఱకు గాని, లేక ప్రపంచమంతట దాని సాలుసరి వ్యాపారములో నూటికి 7 వంతులవఱకు గాని, ఏది పెద్దదైన దానివఱకు జుల్మానా విధింపవచ్చును. దీని ఫలితమేమి? సమాఖ్యలోని గృహిణి ఒక సంస్థను నిలదీయుటకు చట్టము తోడుండును. ఒడంబడికపై సంతకము చేసి వ్యాపారసంస్థల సంగతి వేఱుగ చూచుకొందునన్న రాజ్యపు గృహిణికి, అదే సంస్థను నిలదీయుటకు, తన ప్రభుత్వపు దయయే తోడు. దేశదేశమునకు ఈ భేదము పోవుటకే గదా అంతర్జాతీయ సహకారము!

ఇది పరుల యింటి ముచ్చట యని మనవారు కొట్టివేయరాదు. మన యువకు లెందఱో ఆ దేశములలో చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు, ఆ యంత్రముల లెక్కలలో చేరియున్నారు. వారు అచ్చట అన్యదేశీయులే గావున పౌరసత్వమును అనుమానమునకు గుర్తుగ చేసిన కథ వారికి దగ్గఱిదే. మన యింట సైతము తెలంగాణములో కంప్యూటరు పరిశీలన నాధారముగ చేసికొని రేషను కార్డులను లక్షలకొలదిగ రద్దుచేసిరన్న వివాదము సర్వోన్నత న్యాయస్థానమువఱకు పోయినది. ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపుడని 2022లో ఆ న్యాయస్థానము ఆదేశించినది. బియ్యము నిలిచిపోయిన యింటి తల్లి అడుగు ప్రశ్నయు, భృతి పోయిన డచ్చి తల్లి అడిగిన ప్రశ్నయు ఒక్కటియే: నే నేమి చేసితిని?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యతను ప్రభుత్వములపై మోపినందులకు ఐరోపా మండలివారి గ్రంథమును మెచ్చుకొనవలసినదే. ఆ బాధ్యతను వ్యాపారసంస్థలపై నేరుగ మోపనందులకు దానిని తప్పుపట్టవలసినదే. దీనిలో చేరు రాజ్యములు మూడవ అధికరణము ననుసరించి ప్రకటన చేయునప్పుడు, ఈ నియమములనే వ్యాపారసంస్థలకును వర్తింపజేయుదుమని వ్రాసిన యెడల, గ్రంథకర్తలు విడిచిన కొఱతను చాలవఱకు తీర్చినవారగుదురు. అట్లు వ్రాయుటకు ఒడంబడికలో ఏ యడ్డంకియు లేదు. అక్కడి పౌరులు తమ ప్రభుత్వములను అడుగవలసినది ఇదియే. రేపు మన దేశమున ఇట్టి శాసనము వచ్చునాడు మనము మొదట తెఱచి చూడవలసినదియు, అది ఎవరికి వర్తించునో చెప్పు అధికరణమునే.