దోమ కడుపు గోడ మీద దొరికిన జవాబు

గోదావరిఖని నుంచి గోదావరి దాటితే జైపూర్ మండలం. సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్న పెగడపల్లి ఇక్కడిదే. ఈ బొగ్గు ప్రాంతపు బడుల్లో సైన్స్ ఫెయిర్ అంటే దోమల మీద చార్టు ఒకటైనా ఉంటుంది. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, వివరాలూ సరిగ్గానే ఉంటాయి. లేనిదల్లా ప్రశ్న. పరిశోధనకు పనికొచ్చే ప్రశ్నను ఎలా తయారుచేసుకోవాలో చూపించిన గొప్ప పని మన సికింద్రాబాద్‌లోనే, అదీ దోమల మీదే జరిగింది. రొనాల్డ్ రాస్ పేరు మనకు పాఠాల్లో తగిలిందే. ఆయన సూక్ష్మదర్శిని కన్నా ఆయన ప్రశ్నను చెక్కుకున్న తీరు నాకు ఎక్కువ అబ్బురంగా ఉంటుంది.

మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉంటుందని 1880లోనే లావెరాన్ చూశాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతోందన్నది తేలలేదు. దోమను అనుమానించమని 1894లో రాస్‌కు చెప్పినవాడు పాట్రిక్ మాన్సన్. అయితే దోమ నీళ్ళలో పడి చస్తుందనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జ్వరం వస్తుందనీ మాన్సన్ ఊహ. రాస్ 1895లో సికింద్రాబాద్‌లో దాన్నీ పరీక్షించాడు, అలాంటి నీళ్ళు మనుషులకు తాగించి మరీ. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నమ్మదగ్గ ఫలితమూ రాలేదు.

‘దోమలో మలేరియా ఉందా?’ అన్న ప్రశ్న వినడానికి సూటిగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం జారిపోతుంది. ఏ దోమలో? ఒంట్లో ఏ భాగంలో? రక్తం తాగిన ఎన్నో రోజున? ఇవి తేలనంతవరకు ఎన్ని దోమలను కోసినా, కనబడనిది లేనట్టో, చూడాల్సినచోట చూడనట్టో చెప్పలేం. బూడిదరంగు దోమలనూ చారల దోమలనూ రాస్ ఎన్నిటినో కోశాడు, ఏమీ దొరకలేదు. ఆ దొరకకపోవడమే తర్వాత అక్కరకొచ్చింది. 1897లో నీలగిరుల్లోని సీగూర్ ఘాట్‌లో రెక్కల మీద మచ్చలున్న దోమ ఆయన కంటబడింది. ప్రశ్నలో మొదటి ఖాళీ అలా పూడింది.

సికింద్రాబాద్‌కు తిరిగొచ్చాక చేసిన పని చూడండి. బయట పట్టుకున్న దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరు చెప్పగలరు? అందుకే లార్వాలను పెంచి, ఎవరి రక్తమూ ఎరగని దోమలను తయారుచేసుకున్నాడు. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చాడు. కుట్టిన ఒక్కో దోమకు హుసేన్ ఖాన్‌కు ఒక అణా. ఇక ఆ దోమ ఒంట్లో ఏది దొరికినా అది ఏ రక్తం నుంచి వచ్చిందన్న సందేహానికి తావుండదు.

ఆగస్టు 20కి వాటిలో రెండే మిగిలాయి. బేగంపేటలో ఉక్కపోత. పంఖా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేయించలేదు. సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టాయి. తాగిన రక్తం నాలుగో రోజుకు అరిగిపోయి ఉంటుంది కాబట్టి కడుపు గోడ తేటగా కనబడుతుంది. ఆ గోడలో దాదాపు 12 మైక్రాన్ల గుండ్రని కణాలు, వాటిలో నల్లటి రేణువులు. మలేరియా పరాన్నజీవిలో ఉండేవీ అచ్చం అలాంటి రేణువులే.

ఇక్కడ రాస్ ఎగిరి గంతేసి ఆగిపోలేదు. ఇవి దోమ సొంత కణాలేమో అన్న అనుమానానికి జవాబు కావాలి. మర్నాడు చివరి దోమను కోశాడు. అవే కణాలు, ఇంకాస్త పెద్దవిగా. ఒక్క రోజులో పెరిగాయంటే అవి దోమలో బతుకుతున్న వేరే జీవి అయి ఉండాలి. పాత దోమల్లో ఇవి ఎన్నడూ కనబడలేదన్నది దానికి బలం. 1897 డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం పేరులో ‘రెండు దోమల్లో’ అన్న మాట ఉంది. మలేరియా మర్మం తేలిపోయిందని రాసుకోలేదు. చూసినంతే చెప్పాడు. ఆ నిగ్రహానికి చేతులెత్తి మొక్కాలి.

కలకత్తాలో ఆయన అదే ప్రశ్నను పక్షుల మలేరియాకు మార్చుకుని, 1898 జులైలో దోమ లాలాజల గ్రంథి దాకా పరాన్నజీవి వెంట నడిచాడు. దోమ కుట్టినప్పుడే జబ్బు అంటుతుందని తేలింది. మనుషుల మలేరియాలో పూర్తి చక్రాన్ని చూపినవాళ్ళు ఇటలీలో గ్రాసీ బృందం. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

ఇదే పనితనాన్ని జైపూర్ వీధిలో వాడుకోవచ్చు. ‘మా ఊళ్ళో దోమలు ఎందుకు ఎక్కువ?’ అన్నదానికి పిల్లలు జవాబు వెతకలేరు. ‘వారానికోసారి కడిగి ఆరబెట్టే నీళ్ళ తొట్లలోనూ, అలా చేయని తొట్లలోనూ లార్వాలున్నవి ఎన్నెన్ని?’ అన్నదానికి వెతకగలరు. వానాకాలంలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారం లెక్క. ఒకే వీధి, ఒకే రోజు, ఒకే రకం తొట్లు. లెక్కించడానికి ముందే నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయించాలి: ఏ అంకె వస్తే మన ఊహ తప్పని ఒప్పుకుంటాం? ఆ వాక్యం కష్టపడి రాసిన పిల్లవాడికి మిగతాది సులువు.

సైన్స్ మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఈసారి మార్కులు వేసేటప్పుడు చార్టు రంగుల కన్నా ముందు, పిల్లలు కొట్టేసి మళ్ళీ రాసుకున్న ప్రశ్నల పేజీ అడిగి చూడండి.