నిర్భాగ్యుడు: రూఢ్యర్థం, మూలార్థం
'నిర్భాగ్యుడు' అనే పదం తెలుగులో దురదృష్టవంతుడు అనే అర్థంలో రూఢమైంది. అయితే 'భాగ్యం' అనే మాటకు మూలం 'భాగం', అంటే వాటా. తెలంగాణ వ్యవహారంలోని 'నసీబు'కు కూడా అరబ్బీలో వాటా అనే అర్థం ఉంది. వ్యుత్పత్తిని బట్టి నిర్భాగ్యుడు వాటా దక్కనివాడు. 'అదృష్టం' కంటికి కనిపించనిది, వాటా కొలవదగినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. అక్కడ వారు అడిగినది భాగమే. పేదను నిర్భాగ్యుడని జాలిపడే రచనల్లో రూఢ్యర్థం ఈ వాటా ప్రశ్నను మరుగుపరుస్తుంది. ఆ పదం ఎదురైన చోట, అతని వాటా ఎవరి వద్ద ఉన్నదో కూడా విమర్శ పరిశీలించాలి.