రహీం సాబ్ జట్టు కట్టే తీరు

1956 నవంబరు 1న రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోయి మైసూరులో కలిసింది. రాష్ట్రం పటంలోంచి పోయింది గానీ దాని ఆట పోలేదు. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ జట్టును తయారుచేసింది హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

రాయచూరు రైతుకు ఆయన పద్ధతి సగం తెలిసిందే. కొత్త కోడెకు కాడి అలవాటు చేయాలంటే పక్కన అనుభవమున్న ఎద్దును కడతాడు. మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ అలాంటివాళ్లు. 1952లో హెల్సింకీలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన జట్టులో ఉన్నవాళ్లు. వాళ్ల పక్కన ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం, పి.కె. బెనర్జీ. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే తగిలింది. 4-1తో ఓడాం, కానీ మొదటి గోల్ మనదే.

మిగతా సగం కాడి లెక్కకు అందదు. సీనియర్‌కు పదేళ్లలో పట్టుబడినది కుర్రాడికి అంతకంటే చాలా ముందే పట్టుబడాలి. అందుకే రహీం కుర్రాళ్లకు వింత టోర్నీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. సొంత విద్య ప్రదర్శించే దారి మూసేస్తే కుర్రాడు తలెత్తి ఎవరెక్కడున్నారో చూస్తాడు. అనుభవంలో ముప్పాతిక వంతు ఆ చూపేనని నా నమ్మకం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఇంతమంది పెద్దవాళ్లు, ఇంతమంది కుర్రాళ్లు అని కొలతలు వేసేవాళ్లు 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టును చూడాలి. పి.కె.కి 26, బలరాంకు 25. అప్పటికే ఇద్దరూ రెండేసి ఒలింపిక్స్ చూసొచ్చారు. కెప్టెన్ చునీ గోస్వామికి 24. వయసుకు కుర్రాళ్లే, ఆటకు పాతకాపులు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాకు 0-2తో అప్పగించారు. తర్వాత డిఫెన్స్‌కు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లతో ఉన్న మనిషిని రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. వెనక ఖాళీని 21 ఏళ్ల అరుణ్ ఘోష్‌కు అప్పగించాడు. ఘోష్ మీద ఆ భరోసా లేకపోతే జర్నైల్‌ను ముందుకు పంపే సాహసం చేసేవాడు కాదు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాపై 2-1. గోల్స్ పి.కె.వి, జర్నైల్‌వి.

అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జట్టు కాంస్యం తెచ్చింది. కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, కోచ్‌లు జి.ఎం.హెచ్. బాషా, పి.కె. బెనర్జీ. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన ఆఖరి పతకం అదే.