గాలికి ఎదురు నడిచే ప్రభలు

కోనసీమలో ఎక్కడానికి కొండ లేదు. గోదావరి పాయల మధ్య ఒండ్రు నేల. గట్టు దిగితే చేను, చేను దాటితే కాలువ. అయినా బరువు భుజాన వేసుకుని, గాలికి ఎదురొడ్డి, ఒక్క రోజులో ముగించాల్సిన కష్టమైన నడక చూడాలంటే కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు రావాలి.

చుట్టుపక్కల 11 ఊళ్ల శివుళ్లు ఆ రోజు ఏకాదశ రుద్రులై ఈ కొబ్బరితోటలో కలుస్తారు. అదే ప్రభల తీర్థం. తోటలో గుడి లేదు, గోపురం లేదు. దేవుళ్లే ప్రభలు అనే ఎత్తైన చట్రాల మీద, మనుషుల భుజాలెక్కి తరలి వస్తారు.

ప్రభ కట్టడమే ఒక విద్య. వెదురు బొంగులు, తాటి శూలాలు, టేకు చెక్కలతో కింది భాగం బిగిస్తారు. పోక పెంటీలు, మర్రి ఊడలు ఒంచి పైన విల్లులాంటి చట్రం తీస్తారు. దాని మీద రంగురంగుల కొత్త బట్టలు, నూలు దారాలు, నెమలి పింఛాలు, కొత్త వరికంకులు, గంటలు. ఒంగే కర్రనే ఎంచుకోవడంలో అందంతో పాటు లెక్క కూడా ఉంది: బిరుసుగా ఉన్న కర్ర గాలి విసురుకు విరుగుతుంది, మర్రి ఊడ ఊగి మళ్లీ నిలబడుతుంది.

అసలు చిక్కు గాలితోనే. బట్ట చుట్టిన ఆ ఎత్తైన చట్రం తెరచాపతో సమానం. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. మోసేవాళ్లు ఎంత బలవంతులైనా పైభాగం ఒక పక్కకు ఒరిగితే భుజబలం చాలదు. అందుకే పైనుంచి కట్టిన తాళ్లను ముందూ వెనుకా కొందరు పట్టుకుని నడుస్తారు. ఒకవైపు లాగుతుంటే రెండోవైపు వదలాలి. ఆ పట్టూవిడుపూ కుదరకపోతే అడుగు పడదు. ‘అశ్శరభ శరభ’ అన్న కేక ఉత్సాహం కోసమే అనుకుంటారు చూసేవాళ్లు. పదుల జతల కాళ్లను ఒకేసారి కదిలించే తాళం కూడా అదే.

దారి తారురోడ్డు ఒక్కటే కాదు. గంగలకుర్రు చెన్నమల్లేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారం వీరేశ్వరుడు పచ్చని వరిచేలకు అడ్డంపడి వస్తారు. తొక్కుడుకు నారు పోతుందని రైతు కేకలు వేయడు. దేవుడు తన చేలో అడుగుపెట్టాడని సంబరపడతాడు. ఆ తర్వాత కౌశిక కాలువ. నీళ్లలో దిగగానే పాదాల కింద బురద జారుతుంది, రొమ్ముల దాకా నీరు, నెత్తిన ప్రభ, పైన గాలి. మెట్టనేల మీద నేర్చిన అడుగు ఇక్కడ పనికిరాదు. కాలు ఎత్తితే పట్టు పోతుంది, ఈడ్చుకుంటూ సాగాలి. అవతలి గట్టు ఎక్కే ఆ నాలుగు బారలే మొత్తం నడకలో గడ్డు ఘట్టం. ఒడ్డున జనం ఊపిరి బిగబట్టేది కూడా అక్కడే.

తోటలో మర్యాదలకూ పద్ధతి ఉంది. ఆతిథ్యం మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడిది, అధ్యక్షత వ్యాఘ్రేశ్వరుడిది. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే తక్కిన ప్రభలను కాస్త పైకెత్తి గౌరవిస్తారు. అంత దూరం మోసి అలసిన భుజాలు మళ్లీ ఆ బరువు ఎత్తడం చిన్న విషయమేమీ కాదు.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే చూపించింది. కోనసీమకు అది గర్వకారణమే, సందేహం లేదు. కాకపోతే అక్కడ ప్రభ చక్రాల మీద సాఫీగా సాగిపోయింది. బురద లేదు, కౌశిక లేదు. తీర్థం విలువంతా ఆ రెండింటిలోనే ఉందని ఈ ఊళ్లలో ప్రభ మోసిన ఎవరినడిగినా చెబుతారు. ఊరి కుర్రాళ్లు ఏ పుస్తకమూ లేకుండా ప్రభ మోసే విద్య నేర్చేదీ ఆ బురదలో, ఆ నీళ్లలోనే, పెద్దవాళ్ల పక్కన అదే కర్రకు భుజం ఆనించి.

ఈసారి కనుమకు వెళ్లేవాళ్లు తోటలోనే నిలబడిపోకండి. వాహనం దూరంగా వదిలి, ప్రభలు రాకముందే నడిచి కౌశిక గట్టు మీద చోటు చూసుకోండి.