అరనూలు తేడా

అల్లూరి సీతారామరాజు విగ్రహం కనబడితే నా కన్ను ముందు మొహం మీదికి పోదు, చేతిలో విల్లు మీదికి పోతుంది. గడ్డం, చూపు, పంచెకట్టు శిల్పులు శ్రద్ధగానే తీరుస్తారు. విల్లు దగ్గరికొచ్చేసరికి పిడి ఎంత లావో కొస కూడా అంతే లావు. అలాంటి దాన్ని రామరాజు కాదు కదా, అర్జునుడొచ్చినా వంచలేడు. అర్జునుడి ప్రస్తావన ఎందుకంటే, మా పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది. వనవాసంలో పాండవులు ఇక్కడ తలదాచుకున్నారని చెప్పుకుంటారు, కొండ మీద భీముడి పాదాలు చూపిస్తారు. గాండీవం ఆనవాలు మాత్రం ఎవరూ చూపించరు. ఆ లోటు తీర్చడానికేమో, ఇంటి వెనక రేకుల షెడ్డులో విల్లు బద్దలతో కుస్తీ పట్టడం నాకు అలవాటైపోయింది.

మాకు ఉత్తరాన ఏలేశ్వరం దాటి అడ్డతీగల వైపు ఎక్కితే కొండరెడ్ల ఊళ్ళు. వాళ్ళది వెదురు విల్లు. వేటకి సరిపోయే పనిముట్టు. తెల్లవాడి రైఫిలుకి అది జవాబు కాదని రామరాజుకి బాగా తెలుసు కాబట్టే 1922 ఆగస్టు 24న రాజవొమ్మంగి, అక్టోబరు 15న అడ్డతీగల పోలీసు ఠాణాల మీదికి దండు తుపాకుల కోసం వెళ్ళింది. విగ్రహంలో మనం ఆయన చేతికి విల్లే ఇచ్చాం. ఇచ్చినవాళ్ళం కాస్త సరైనది ఇచ్చి ఉండాల్సింది.

ఒక్క కర్రతో విల్లు చెయ్యాలంటే ఆరడుగుల పొడవునా ముడి లేని, మెలి లేని కర్ర కావాలి. ఇంగ్లండువాళ్ళకి యూ చెట్టు ఉంది, మా వైపు లేదు. అందుకని పల్చటి బద్దలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి అతికించే దారి. జపాన్‌వాళ్ళ యుమి అలాంటిదే. ఏడడుగులు దాటిన ఆ విల్లులో అటూ ఇటూ వెదురు, మధ్యలో కర్ర. అతికిస్తే ఏమొస్తుందని మా వడ్రంగి మేస్త్రి అడిగాడు. నాలుగు బద్దలు ఊరికే దొంతిగా పెట్టి వంచితే ఒకదాని మీద ఒకటి జారిపోతూ సులువుగా వంగుతాయి. అవే నాలుగూ జిగురు పెట్టి ఆరనిస్తే జారడానికి దారి ఉండదు, బిగువు పదహారు రెట్లవుతుంది. పైగా వంపు ఉన్న అచ్చు మీద పెట్టి అతికిస్తే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది.

కర్రకి కొరత లేదు. కోనసీమలో, మా చుట్టుపక్కల ఊళ్ళలో మండువా లోగిళ్ళు పడగొడుతున్నారు. ఆ దూలాలు, వాసాలు, గుమ్మాలు అడితికి చేరుతున్నాయి. ఏళ్ళ తరబడి కప్పు కింద ఆరిన టేకు, ఇంకేం కావాలి? ఒకటే చిక్కు, లోపల ఎక్కడో విరిగిన మేకు దాక్కుని రంపం పళ్ళు తినేస్తుంది. నిలువునా కోసి రెండు మిల్లీమీటర్ల బద్దలు తియ్యమంటే కోత మిల్లులో మేస్త్రి నా వంక అదోలా చూశాడు. "దూలం కొనుక్కుని అప్పడాలు కోయించుకుంటారేంటండీ మాస్టారూ?" అన్నాడు. అతని బాధ న్యాయమే. గుండ్రటి రంపం తినేది మూడు మిల్లీమీటర్లు, మనకి మిగిలేది రెండు. అంటే దూలంలో సగానికి పైగా రంపంపొట్టు. బ్యాండ్‌సా అయితే మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది. అందుకే దానికోసం సామర్లకోట దాకా వెళ్ళడానికైనా నాకు అభ్యంతరం లేదు.

అసలు కథ కోత తరవాత మొదలవుతుంది. మన వడ్రంగానికి కొలత నూలు, అంగుళానికి ఎనిమిది. తలుపు చట్రంలో అరనూలు అటూ ఇటూ అయితే మేకు కొట్టి, లప్పం పెట్టి సర్దేస్తారు. విల్లులో ఆ సర్దుబాటు కుదరదు. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే అవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు అవుతుంది, ఎందుకంటే మందం ఘనాన్ని బట్టి బిగువు పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల విల్లుకి అరనూలు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు, ఎక్కువైతే బిగువు సగానికి పైగా పెరిగిపోతుంది. చేతిలో నలభై పౌన్లు లాగాల్సిన విల్లు అరవై దాటేస్తుంది. ఒక్క పదోవంతు మిల్లీమీటరు తేడాకే మూడు శాతం మారుతుంది. పై కొమ్మ, కింది కొమ్మ ఆ మాత్రం తేడా పడినా విల్లు ఒక పక్కకి ఒరుగుతుంది.

ఇంత సన్నపు పనికి చిత్రిక పనికిరాదు. పల్చటి బద్ద చిత్రిక ముందు ముడుచుకుపోతుంది. ప్లేనర్‌లో పెడితే నార ఎదురు తిరిగిన చోట కత్తి పెళ్ళలు లేపుతుంది, ఒక్కోసారి బద్దనే పుటుక్కుమనిపిస్తుంది. అందుకని అరిగించడమే మార్గం. అర హెచ్‌పీ పాత మోటారు, లేతు మీద తిప్పించిన చెక్క రోలరు, దాని చుట్టూ అరవై నంబరు ఉప్పుకాగితం, కింద మడతబందుల మీద లేచి దిగే బల్ల. అంతే యంత్రం. రోలరు తిరుగుడుకి ఎదురుగా బద్దని తొయ్యాలి. తిరిగే వైపే తోస్తే చేతిలోంచి లాక్కుని గోడకి కొడుతుంది. మొహానికి గుడ్డ తప్పనిసరి, టేకు పొడి ముక్కుకీ చర్మానికీ మంచిది కాదు.

కొసలకి సన్నం చెయ్యడానికి ఒక పొడుగాటి వాలు పలక కావాలి. బద్దని దాని మీద అంటించి రోలరు కిందకి పంపిస్తే బద్ద కూడా అదే వాలులో అరుగుతుంది. ఎక్కువమంది పాటించే లెక్క, అంగుళం పొడవుకి అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. ముప్ఫైఆరు అంగుళాల బద్దకి మొత్తం తగ్గేది ఒకటి పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. అంటే పిడి నుంచి కొస దాకా జరిగేదంతా మేస్త్రి భాషలో అరనూలు మీద ఒక పిసరు. తలుపులో లప్పం కింద పోయే మందమే ఇక్కడ విల్లు.

రెండు మిల్లీమీటర్లకి దిగిన బద్దని కిటికీ వెలుగులో పట్టుకోవడం నాకిష్టం. దూలంలో దర్జాగా కనబడిన టేకు అక్కడ తన లొసుగులన్నీ బయటపెడుతుంది. ఇక్కడో సూదంత ముడి, అక్కడ నార పక్కకి జారిపోవడం. రంపం గీత గీసినట్టు పోతుంది. చెట్టు అలా పెరగదు. నార బద్ద అంచు దాటి బయటికొచ్చిన చోటే విల్లు మొదట పేడు లేస్తుంది. ఈ విషయంలో బుట్టలల్లే మేదర్లు నాకు గురువులు. వాళ్ళు కొయ్యరు, చీలుస్తారు. కత్తి మొన దింపి, రెండు చేతులతో విడదీస్తూ పోతే చీలిక వెదురు నార వెంటే నడుస్తుంది. ఒక పక్క మందం ఎక్కువవుతుందనిపిస్తే ఆ పక్క కాస్త ఎక్కువ వంచుతారు, చీలిక అటు జరుగుతుంది. కాలిపర్ లేదు, మోటారు లేదు. చీల్చిన బద్ద మీద బొటనవేలు ఒకసారి జారిస్తే వాళ్ళకి మందం తెలిసిపోతుంది. నా విల్లుకి వీపు బద్ద, అంటే గురి వైపు ఉండేది, ఎప్పుడూ చీల్చిన వెదురే. పైచర్మం కింద నార దట్టంగా ఉంటుంది కాబట్టి దాన్ని తాకను, లోపలి వైపే అరగదీస్తాను.

జిగురు సంగతి తేలికే. తెల్ల జిగురు ఎడతెగని లాగుడుకి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి నేను అరాల్డైట్ వాడతాను. టేకులో నూనె ఉంటుంది, ముందు థిన్నర్‌తో తుడవాలి. బద్దల్ని అచ్చు మీద పేర్చి పాత సైకిలు ట్యూబు కత్తిరించిన పట్టీలతో చుట్టేస్తే ఏ క్లాంపూ అంత సమంగా నొక్కదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు వేడి జిగురుకి వరం.

గ్లాసు ఫైబరు వేస్తే ఇంకా బలం వస్తుంది కదా అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో విల్లు తయారీ ఆ దారే పట్టింది. కాకినాడ తీరంలో ఫైబరు బోట్లకి వాడే మ్యాట్ మాత్రం పనికిరాదు. దాంట్లో పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. విల్లుకి పోగులన్నీ పొడవునా ఒకే వైపు నడవాలి. మళ్ళీ మేదరి లెక్కే.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చినప్పుడు మా వీధి పిల్లలు వచ్చి నా షెడ్డులో ఉన్నది అదేనా అని అడిగారు. కాదు. ఆమెది కప్పీల కాంపౌండ్ విల్లు, కర్రతో సంబంధమే లేదు. అయితే మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒకటుంది. అందులో ముప్ఫై, యాభై మీటర్ల దూరాలకి కర్ర, వెదురు విల్లులే. ఏజెన్సీ పిల్లాడు లక్షలు పోయకుండా బరిలోకి దిగగల వాకిలి అదొక్కటే. ఆ విల్లు ఇక్కడి కర్రతో, ఇక్కడి చేత్తో ఎందుకు తయారవకూడదు? వెదురు కూడా ఇప్పుడు మునుపటంత తలనొప్పి కాదు. 1927 అటవీ చట్టంలో చెట్టుగా లెక్కేసిన వెదురుని, అడవి బయట పెరిగినంతవరకు, 2017లో ఆ లెక్కలోంచి తీసేశారు. దాంతో పొలం గట్టు వెదురు కొట్టి బండికెత్తడం సులువైంది.

కొట్టేదేదో వానలు వెనకపట్టాక కొట్టి, చెరువులో నానేస్తే తీపి పోయి పురుగు పట్టదు. మా వడ్రంగి మేస్త్రి ఈసారి నాతో పాటు బొంగులు నానబెట్టాడు. తనకీ ఒక డయల్ కాలిపర్ తెప్పించమన్నాడు. తలుపుల పనికి దాంతో అవసరమేంటంటే, "అవసరమేం లేదండి, కానీ ఇన్నాళ్ళూ అరనూలు అరనూలు అంటూ ఎంత వదిలేశానో ఓసారి చూసుకుంటానండి" అన్నాడు.