పురాణం డక్కలిది, గడప మాదిగది

రుద్రంగి పేరుతో 2023లో వచ్చిన సినిమా దొర పెత్తనం చుట్టూ తిరుగుతది. దొరమీద కోపం మనకు కొత్తగాదు. మరి పల్లెల్లో దళితకులాల నడుమ నడిచే పెత్తనం?

జాంబపురాణాన్ని బ్రాహ్మణ పురాణాలకు ఎదురుకథగా మాదిగ పరిశోధకులం చదువుతున్నం. చదవాల్సిందే. భూమికన్నా ముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పి మాదిగలను పెద్దజేసేది డక్కలి. ఆ డక్కలిని మాదిగ గడప తొక్కనియ్యని తరతరాల ఆచారం మన వ్యాసాల్లో ఏ మూలకో ఉంటది. వాకిట్ల నిలబడి, ఇచ్చింది తీసుకునే గొంతు ఇచ్చేవాణ్ణి నిలదీసే కథ ఎట్ల చెప్తది? ఆ మౌనాన్ని గూడ పురాణంలో భాగంగానే చదవాలె.

1994లో ఈదుముడిలో పుట్టిన దండోరా జనాభా లెక్కన వాటా అడిగింది. న్యాయమే. అదే ప్రశ్న డక్కలి మమ్మల్ని అడిగితే? 2025 తెలంగాణ వర్గీకరణ చట్టం డక్కలితో సహా 15 కులాలకు కలిపి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. గడప సంగతి అందులో లేదు.